నట్టు వదులైతే తప్పు నట్టుది కాదు

మరమగ్గం మీద నట్టు వదులైతే ముందు చేతికి వచ్చేది పానా. బిగిస్తారు. వారం తిరగకుండా మళ్ళీ వదులవుతుంది. ఈసారి పానాకు పైపు తొడిగి బిగిస్తారు. చూడీ (మర) నలిగిపోతుంది, లేదంటే బోల్టు మెడ దగ్గర తెగుతుంది. నాసిరకం సరుకు అమ్మాడని దుకాణదారుణ్ణి తిట్టుకుంటారు. ఉమ్మడి వరంగల్ జిల్లా నేతపనికి ఈ గొడవ కొత్త కాదు. కొత్తవాడ జంపఖానా మగ్గాల దగ్గర నుంచి, కొడకండ్ల లాంటి ఊళ్ళు వదిలి సూరత్, భీవండి, షోలాపూర్ సాంచాల (మరమగ్గాల) మీదికి పోయిన నేత కుటుంబాల దాకా అందరికీ తెలిసిందే. దీనికి ఈ వృత్తిలోనే మంచి జవాబు చాలాకాలంగా ఉంది. నట్టును ఎంత బిగించాలని కాకుండా అతుకును ఎలా కట్టాలని ఆలోచించే పనితనం అది. దాన్ని మొరటు సర్దుబాటుగా, చదువురానివాళ్ళ చిట్కాగా తీసిపారేయడం సరికాదు. ఇంజనీర్లు ప్రయోగశాలల్లో చాలా తరువాత తేల్చిన సూత్రాలే అందులో ఉన్నాయి. అలాగని అందులో ఉన్నదంతా ఒప్పూ కాదు.

ముందు మగ్గం బోల్టును ఎంత హింస పెడుతుందో చూడాలి. పాతరకం నాడె మరమగ్గం నిమిషానికి సుమారు 120 పేకలు వేస్తుందనుకుందాం. 12 గంటల షిఫ్టులో అది 86,400 పేకలు. ఒక్కో పేకకు మూడు దెబ్బలు: పికింగ్ స్టిక్కు నాడెను విసిరే దెబ్బ, అవతలి పెట్టెలో నాడె ఆగే దెబ్బ, పన్నె వచ్చి పేకను గుడ్డకు అదిమే దెబ్బ. అంటే ఒక్క షిఫ్టులో రెండున్నర లక్షలకు పైగా అదుర్లు. ఇవి బోల్టును నిలువునా లాగే బలాలైతే చిక్కు తక్కువే. కానీ మగ్గంలో ఎక్కువ భాగాలు ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ ఊగేవే. అందుకే ప్రతి దెబ్బా బోల్టు పట్టి ఉంచిన రెండు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పక్కకు జరపాలని చూస్తుంది.

పక్కకు జరగడమే అసలు శత్రువని ప్రయోగంతో చూపినవాడు జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్. 1969లో వెలువడిన ఆయన పరిశోధన అంతకుముందున్న నమ్మకాన్ని తలకిందులు చేసింది. నట్టును పట్టి ఉంచేది మర చుట్ల మధ్యా నట్టు అడుగునా ఉండే రాపిడి. ముక్కలు పక్కకు జారడం మొదలైతే ఆ రాపిడి అంతా అటువైపు ఖర్చయిపోతుంది. మర వాలు వెంట వెనక్కి తిరగకుండా నట్టును ఆపడానికి ఇక ఏమీ మిగలదు. నేలలో దిగిన గుంజను నిటారుగా లాగితే రాదు, పక్కలకు ఊపుతూ లాగితే సులువుగా వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. మరో సంగతి ఉంది. పానా మీద పెట్టే శక్తిలో చాలా భాగం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి ముక్కల్ని అదిమి ఉంచడానికి ఉపయోగపడేది సుమారు పదో వంతు మాత్రమే. నట్టు చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన అతుకు గట్టిగా ఉన్నట్టు కాదు. బోల్టు ఎంత సాగి ఉందన్నదే లెక్క. ఆ సాగుదల చాలా చిన్నది. మంచి ఉక్కు బోల్టు 50 మిల్లీమీటర్ల మందాన్ని పట్టి, బాగా బిగిసి ఉన్నప్పుడు అది సాగేది మిల్లీమీటరులో పదో వంతు. నట్టు కింద నూనెతో ముద్దయిన దూది నుసో, పాత రంగు పొరో ఉండి, అది నలిగి 0.02 మిల్లీమీటర్లు తగ్గితే చాలు, పట్టులో అయిదో వంతు పోయినట్టే. అదే బోల్టు 20 మిల్లీమీటర్ల మందాన్నే పట్టి ఉంటే పోయేది సగం. నట్టు వీసమెత్తు తిరగకుండానే అతుకు ఇలా సడలుతుంది.

ఇప్పుడు గుంట మగ్గాన్ని చూడండి. అందులో మర చుట్టు ఉన్న భాగం దాదాపు కనిపించదు. గుంజలు నేలలో పాతి ఉంటాయి. అదురును నేలే మింగుతుంది. అడ్డ కర్రలు బెజ్జాల్లో దిగి చీలలతో నిలుస్తాయి. పన్నెను మోసే చట్రం పై దూలం నుంచి వేలాడుతుంది. దాని బరువే దాన్ని చోట ఉంచుతుంది. నేసిన గుడ్డ చుట్టుకునే దోనెకు బెజ్జాలుంటాయి, అందులో కర్ర దూర్చి తిప్పి ఆపుతారు. పడుగు బిగువును నిలిపేది తాడు. ఈ కట్టుబడిలో రెండు తెలివైన పనులు దాగున్నాయి. మొదటిది, పక్కకు జరగకుండా ఆపే బాధ్యత రాపిడి మీద పెట్టలేదు, బెజ్జం ఆకారం మీద పెట్టారు. రెండోది, బిగువును దాచుకునే పని బాగా సాగే తాడుకు అప్పగించారు. నూలు తాడు వేళ్ళ వెడల్పుల్లో సాగుతుంది కాబట్టి ఎక్కడో ఒక మిల్లీమీటరు సడలితే దానికి లెక్కే లేదు. మా ప్రాంతపు ఎండలకు చెక్క ఎండి కుంచించుకుంటుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. 50 మిల్లీమీటర్ల చెక్క అడ్డంగా ఒక్క శాతం కుంచించుకున్నా అర మిల్లీమీటరు; ఉక్కు బోల్టు సాగుదలకు అది అయిదు రెట్లు. అంటే చెక్కను పట్టిన బోల్టు వేసవిలో వదులవడం ఖాయం, ఎవరు బిగించినా సరే. చెక్క చీలైతే దాన్ని ఇంకొక్క దెబ్బ కొట్టి లోపలికి దింపితే సరిపోతుంది. ఎడ్లబండి ఇరుసు చివర చక్రాన్ని ఆపేది కూడా నట్టు కాదు, శీలే. తిరిగే చక్రం పక్కన మర పెడితే ఏమవుతుందో వడ్రంగికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చేమగ్గం నెమ్మదిది, దెబ్బ మెత్తనిది, దాని పద్ధతి ఇనుప యంత్రానికి ఎలా పనికొస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తాళ్ళు కట్టి మరమగ్గం నడపలేం. అయితే పనికొచ్చేది తాడు కాదు, తాడు వెనుక ఉన్న ఆలోచన. అది ఎంత వేగానికైనా నిలుస్తుందనడానికి సాక్ష్యం మహబూబాబాద్ మీదుగా పోయే కాజీపేట-విజయవాడ రైలు మార్గంలోనే ఉంది. అక్కడ పట్టాను స్లీపరుకు పట్టి ఉంచేది మెలితిరిగిన ఉక్కు క్లిప్పు; దానికి మర లేదు, నట్టు లేదు. ఆ కోవ క్లిప్పును 1950లలో నార్వే ఇంజనీరు పెర్ పాండే-రోల్ఫ్‌సెన్ రూపొందించాడు. సుత్తితో కొట్టి దింపితే అది తాడులా సాగి పట్టుకుంటుంది, రైలు అదురుకు తిరిగి వదులవడానికి దానిలో తిరిగే భాగమే లేదు. పట్టా చివరలు కలిసే చోట బోల్టులు ఇంకా ఉన్నాయి కాబట్టే కీమ్యాన్ పానా, సుత్తి పట్టుకుని రోజూ లైను వెంట నడవాలి. భూపాలపల్లి పాఠకులకు తెలిసిన బొగ్గు లోకంలోనూ ఇదే కథ: నిరంతరం కంపించే బొగ్గు జల్లెడలకు చాలాచోట్ల మామూలు నట్లు మానేసి, లాగి కాలరు నొక్కే బోల్టులు వాడతారు. వాటి కాలరు తిరగదు.

మరమగ్గంలో మాత్రం మరను పూర్తిగా తప్పించలేం. గుడ్డ రకం మారినప్పుడల్లా పికింగ్ బలం, పన్నె ఎత్తు, నాడె పెట్టె వెడల్పు సర్దాలి. సర్దాలంటే విప్పాలి, విప్పాలంటే నట్టు ఉండాలి. మగ్గాలను సర్ది బాగుచేసే జాబర్ల నైపుణ్యం ఇక్కడే తెలుస్తుంది. మంచి జాబర్ ముందు నట్టు కింది ముఖాన్ని గీకి శుభ్రం చేస్తాడు. రంగు, తుప్పు, నుసి పోయి లోహం లోహానికి తగలాలి. పొట్టి బోల్టు పదే పదే సడలుతుంటే దాని స్థానంలో పొడవైనది వేసి, నట్టు కింద మందపాటి పైపు ముక్క తొడుగుతాడు. చూసేవాళ్ళకు అది సరైన బోల్టు దొరక్క చేసిన పనిలా ఉంటుంది. నిజానికి పొడవు పెరిగితే సాగుదల పెరుగుతుంది, సాగుదల పెరిగితే చిన్న సడలింపుకు పట్టు చెదరదు. గుంట మగ్గపు తాడు ఇక్కడ ఉక్కు వేషంలో వచ్చిందంతే. ఇక చెక్కకు బోల్టు వేసే చోట వెడల్పాటి ఇనుప బిళ్ళ వేసి ఒత్తిడిని పంచుతాడు, కొత్త చెక్కైతే కొన్నాళ్ళకు మళ్ళీ బిగిస్తాడు. షాఫ్టు మీది చక్రాన్ని ఒక్క స్క్రూను నమ్మి వదలడు, గాడి కోసి కీ దింపుతాడు. సర్దుబాటు అవసరమైన చోట పళ్ళు కోసిన ముఖాలుంటే ఆ పళ్ళు అరిగిపోకుండా చూసుకుంటాడు, ఎందుకంటే జారుడును ఆపేవి ఆ పళ్ళే. బోల్టు పని వాటిని విడిపోకుండా పట్టి ఉంచడం మాత్రమే. బెజ్జానికీ చీలకూ మధ్య ఉన్న పని విభజన ఇదే.

ఈ సంప్రదాయంలో పొల్లు కూడా ఉంది, దాన్ని దాచడం దానికి గౌరవం కాదు. స్ప్రింగ్ వాషర్ మీద ఉన్న నమ్మకం అలాంటిది. తరతరాలుగా వేస్తున్నారు, యంత్రం తయారీదారులే వేసి పంపుతున్నారు, తప్పెలా అవుతుందంటారు. కానీ ఆ వాషర్ బోల్టు పూర్తి బిగువులో చిన్న వంతుకే చదునైపోతుంది. ఆపైన అది మామూలు బిళ్ళే. 1990లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రచురించిన బిగింపు పరికరాల కరదీపిక దాన్ని వదులవడాన్ని ఆపే సాధనంగా దాదాపు నిరర్థకమని తేల్చింది. యుంకర్ తరహా పరీక్షల్లోనూ అది నిలవదు. జోడు నట్ల విషయంలో పద్ధతి మంచిదే, వరుస మాత్రం చాలామంది తప్పుతారు. లావు నట్టు ముందు వేసి పైన పలచనిది వేస్తారు, చూపుకు అదే సబబుగా ఉంటుంది కాబట్టి. వేయాల్సింది తిరగేసి. పలచనిది కింద వేసి కొద్దిగా బిగించి, దాని మీద లావుదాన్ని పూర్తిగా బిగించాలి, బిగించేటప్పుడు కింది నట్టును రెండో పానాతో కదలకుండా పట్టాలి. చివరికి భారం మోసేది పై నట్టు. స్ప్లిట్ పిన్ సంగతి వేరు. అది సడలింపును ఆపదు, నట్టు ఊడి పడకుండా మాత్రం ఆపుతుంది. ఊడిన నట్టు పడుగులో పడి పన్నె దెబ్బకు చిక్కితే వందల పోగులు తెగుతాయి. కాబట్టి పిన్ ఉండాల్సిందే. పిన్ ఉంది గదా అని నట్టును మరిచిపోకూడదు.

ఇంత కష్టం ఎందుకు, రెండు చుక్కల జిగురు వేస్తే పోదా అని ఈ కాలం వాళ్ళు అడుగుతారు. గాలి తగలనప్పుడు గట్టిపడే మర జిగురును అమెరికాలో వెర్నాన్ క్రీబుల్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు 1953లో కనిపెట్టాడు. అది నిజంగా పనిచేస్తుంది, ఎప్పుడూ విప్పనక్కర్లేని చోట అంతకంటే సులువైనది లేదు కూడా. కానీ మరమగ్గం మీద నూనె తగలని మర ఉండదు. నూనె తుడవకుండా వేస్తే జిగురు పట్టదు, తుడిచి వేస్తే తరువాత సర్దుబాటుకు విప్పడం కష్టం. నైలాన్ నట్టు మేలే, అయితే విప్పి బిగించిన ప్రతిసారీ దాని పట్టు తగ్గుతుంది. నాడె లేని కొత్త మగ్గాలు వచ్చాక ఈ విద్యకు కాలం చెల్లిందన్న మాట కూడా నిలవదు. రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాల్లో నాడె దెబ్బ పోయింది నిజమే, కానీ పన్నె అదిమే దెబ్బ పోలేదు, వేగం అనేక రెట్లు పెరిగింది. నట్టును ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే టార్క్ పానా వచ్చింది. నట్టు కింద దూది నుసి ఉందో లేదో ఆ పానా చెప్పదు.

ఈ పనితనంలో అన్నిటికంటే విలువైనది పానాతో సంబంధం లేనిది. ఒకే నట్టు మళ్ళీ మళ్ళీ వదులవుతుంటే అనుభవం ఉన్న జాబర్ ఆ నట్టును వదిలేసి మగ్గం మొత్తాన్ని చూస్తాడు. నాడె అవసరానికి మించిన బలంతో వస్తోందా, పెట్టెలో ఆపే తోలు అరిగిపోయిందా, పికింగ్ ముందే జరుగుతోందా, కాళ్ళ కింద గచ్చు పగిలి మగ్గమే ఊగుతోందా. దెబ్బను పుట్టిన చోట తగ్గిస్తే నట్టు దానంతటదే నిలుస్తుంది. నట్టు మీదా పక్క లోహం మీదా కలిపి ఒక రంగు గీత గీస్తే అది తిరిగిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది. గీత చెదరకుండా అతుకు సడలితే నట్టు కింద ఏదో నలిగిందన్నమాట. గీత విడిపోతే ముక్కలు జారుతున్నాయన్నమాట. రెండు రోగాలు, రెండు మందులు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ప్రతి షెడ్డులో ఎందుకు లేదో అర్థం కాదు.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. 1934లో వరంగల్‌లో మొదలైన అజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఒక పెద్ద మిల్లు మూతపడితే పోయేది ఉద్యోగాలు మాత్రమే కాదు, పాత ఫిట్టరు పక్కన కొత్తవాడు నిలబడి నేర్చుకునే చోటు కూడా. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. అక్కడికి యంత్రాలు వస్తాయి, వాటి కరదీపికలు ఇంగ్లీషులో వస్తాయి. ఐటీఐ ఫిట్టరు పాఠంలో నట్టును ఆపే సాధనాల బొమ్మలు ఉంటాయి, మగ్గం మీద ఏది ఎక్కడ ఓడిపోతుందో ఉండదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఐటీఐలు ఊళ్ళలో మిగిలిన జాబర్లనూ మగ్గం వడ్రంగులనూ పిలిచి కూర్చోబెట్టి, వాళ్ళు చేసేదాన్ని బొమ్మలతో తెలుగులో రాయించాలి. రాసినదాన్ని ప్రయోగంతో సరిచూసి, స్ప్రింగ్ వాషర్ లాంటి పొల్లును ఏరివేసి, మిగిలినదాన్ని పాఠంగా పెట్టాలి. వాళ్ళలో చాలామందికి వయసు మీద పడుతోంది కాబట్టి ఈ పని వచ్చే విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టాలి.