బాగున్న కాలికే సూది

పామర్రు చుట్టుపక్కల ఎవరికైనా ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతే ఇంట్లోవాళ్ల నోట వచ్చే మొదటి మాట పక్షవాతం. ఎక్కువసార్లు అది నిజమే. వెంటనే బందరు రోడ్డెక్కి బెజవాడ బయల్దేరడమే సరైన పని. కానీ మూతి వంకరపోకుండా, మాట తడబడకుండా, మెడ మాత్రం విపరీతంగా నొప్పెడుతుంటే డాక్టరు ముందుగా గుండుసూది తియ్యాలి. గుచ్చి చూడవలసింది బాగున్న కాలిని. రోగి కళ్లు మూయించి, తగిలింది మొనా తలా అని అడగాలి. తేడా చెప్పలేకపోతే, వేడీ చల్లా కూడా తెలియకపోతే, దెబ్బ మెదడులో కాక మెడ దగ్గర వెన్నుపాములో ఒక సగానికి తగిలిందని అనుమానించాలి.

బాగున్న కాలికే నొప్పి తెలియకపోవడమనే ఈ చిక్కుముడిని 19వ శతాబ్దం నడుమ, జంతువుల వెన్నుపామును సగం కోసి చూసి విప్పినవాడు బ్రౌన్-సెకార్డ్ అనే వైద్యుడు. 1817లో మారిషస్‌లో పుట్టాడు. నొప్పినీ వేడినీ మోసే నరాలు, గుడివాడ నుంచి కూచిపూడి పోయే బస్సు పామర్రు సెంటర్లోనే బందరు రోడ్డు దాటినట్టు, వెన్నుపాములో అడుగుపెట్టిన కాసేపటికే అవతలి పక్కకు దాటేస్తాయి. అదురునూ కీళ్ల వంపునూ తెలిపేవి మెదడు అడుగుదాకా పోయిగానీ దాటవు. కదలమనే ఆజ్ఞలూ అక్కడే దాటి కిందికి దిగుతాయి. అందుకే కుడి సగం దెబ్బతింటే కుడికాలు బలం తగ్గుతుంది, ట్యూనింగ్ ఫోర్కు అదురు ఆ కాలికే తెలియదు. నొప్పి తెలియనిది ఎడమకాలికి. రోగి కుడికాలి గురించే చెప్పుకుంటాడు. వేడినీళ్లకు బొబ్బలెక్కేది ఎడమకాలు.

ఎమ్మారై ఉండగా ఈ సూదులెందుకు అంటారు. ఎక్కడ తియ్యాలో ఎవరు చెప్పాలి? కాలు నీరసం అనగానే నడుము స్కాన్ రాసేస్తారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గరే ముగుస్తుంది. వెన్నుపామును నొక్కే గడ్డ వీపు ఎత్తున ఉంటే ఆ ఫిల్ములో కనపడదు. వయసుతో అరిగిన డిస్కు కనపడి నింద దానిమీద పడుతుంది. కాలి నుంచి పైకి గుచ్చుతూ పోగా సూది బొడ్డు దగ్గర తెలియడం మొదలైతే వీపు పదో నరం ఎత్తునా, ఆపైనా చూడాలని తేలుతుంది. పుస్తకంలో రాసినట్టు సరిగ్గా సగమే తెగడం అరుదన్నది నిజమే. కత్తిపోటైనా, కణితైనా, జారిన డిస్కైనా గీత గీసుకుని కొయ్యవు. ఒక కాలికి బలం, రెండోదానికి నొప్పి తెలియడం ఎక్కువగా తగ్గితే చాలు, ఆ తేడాయే ఆధారం. వెన్నుపాము కొంతే దెబ్బతిన్నవాళ్లలో మళ్లీ నడిచే ఆశ ఎక్కువున్నదీ ఇలా ఒక సగం దెబ్బతిన్నవాళ్లకే.

పక్షవాతంలో ప్రతి నిమిషం విలువైనదే, సూదులతో కాలయాపనా అన్నది గట్టి అభ్యంతరమే. అయితే బాగున్న కాలిని గుచ్చి చూడడానికి ఒక్క నిమిషం చాలు. మెడలో వెన్నుపాము చుట్టూ రక్తం చేరి నొక్కుతున్నప్పుడూ ఇవే లక్షణాలు రావచ్చు. అప్పుడు పక్షవాతమనుకుని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ఆ రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.