రాగిరేకులు, బీగపుచెవి

తిరుమల ఆలయమున హుండీకెదురుగా నున్న సంకీర్తన భాండాగారపు రాతిగది తాళ్లపాకవారి కీర్తనలు చెక్కిన రాగిరేకులను శతాబ్దుల తరబడి కాపాడినదని మనమందరమును గర్వముతో చెప్పుకొందుము. కాని ఆ కథలో నన్ను మిక్కిలిగా ఆకర్షించు ఘట్టము 1922లో అవి వెలుగు చూచుట కాదు, అంతకు నూరేండ్లకు పూర్వమే ఒకడు వాటిని చూచి మరలిపోవుట. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణపు పీఠికలో ఏ.డి. క్యాంబెల్ దొర, తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులున్నవని విని పరిశీలించుటకై ఒక దేశీయుని పంపితిననియు, వ్యాకరణగ్రంథ మొకటి తప్ప తక్కినదంతయు దైవస్తోత్రములేయని తేలినదనియు వ్రాసికొన్నాడు. వ్యాకరణమునకు మాత్రము నకలు తీయించి, పాటలనక్కడనే విడిచెను. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు. వచ్చినవానికి కావలసినది వేరు, అంతే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు ఆ పదములను పరిష్కరించుటకు పూనుకొనునంతవరకు రేకులు భద్రముగానే యుండెను, పాట మాత్రము మూగవోయి యుండెను.

మా పూర్వుల తాళపత్రముల ఛాయాప్రతులను, తాతగారి చేతివ్రాత భజనపుస్తకములను నేను కొంతకాలముగా వికేంద్రీకృత క్లౌడులో దాచుచున్నాను గనుక ఈ ప్రసంగము వచ్చినది. ఇందలి యుక్తి మెచ్చదగినది. ఇట్టి సేవలలో కొన్నిట ఫైలును మన కంప్యూటరులోనే గూఢలిపిగా మార్చి, ముక్కలు చేసి, ముఖపరిచయము లేని వారి యంత్రములకు పంచిపెట్టుదురు. స్టోర్జ్ సంస్థ ప్రసిద్ధమొనర్చిన అమరికలో ముక్కలు 80, వానిలో ఏ 29 దొరకినను మూలము యథాతథముగా మరల కూడును. ఐపీఎఫ్‌ఎస్ అను మరియొక వ్యవస్థలో ఫైలు చిరునామా దాని సారమునుండియే పుట్టును, ఒక్క అక్షరము మారినను చిరునామా మారును. కాబట్టి లేఖకుని చేతిలో పాఠము చెడినదన్న పండితుల పురాతనవివాదమునకు ఇచ్చట తావు లేదు. కాని ఇచ్చట ఆ ఫైలును పట్టియుంచెదనని ఎవడును పూనుకొననిచో అది క్రమముగా అదృశ్యమగును. ఫైల్‌కాయిన్ అను వేరొక నిల్వవ్యవస్థలో నిల్వదారు తన వద్ద సరకు నిజముగా నున్నదని గణితముచే మాటిమాటికి రుజువు చూపవలెను. ఒప్పందపు గడువు తీరినపిమ్మట దానిని పొడిగించు భారము మాత్రము మనదే.

ఇక బీగపుచెవి సంగతి. గూఢపదము పోయినచో ముక్కలన్నియు క్షేమముగా నున్నను వానిని విప్పగలవారు లేరు, సేవ నడుపువారును విప్పలేరు. రాతిగదికి తలుపు పగులగొట్టవచ్చును, దీనికా సౌకర్యము లేదు. అందుచేత ఆ పదమును, ఏ ఫైలులో ఏ పుస్తకమున్నదో, ఎవరు వ్రాసినదో తెలుపు పట్టికను కాగితముపై వ్రాసి చిత్తూరులోని మా చెల్లెలి బీరువాలో నుంచితిని. పట్టికలో “దేవుని పాటలు” అని వ్రాసి ఊరుకొనలేదు, పల్లవులన్నియు ఎక్కించితిని. క్యాంబెల్ దొర మనిషి వంటివాడు మరల రాడని నమ్మకమేమి?

ఒక్కసారి రుసుము చెల్లించిన కనీసము 200 ఏండ్లు దాచెదమని ఆర్వీవ్ అను నిల్వవ్యవస్థవారు చెప్పుదురు. నిల్వ వెల ఏటేట తగ్గుచు పోవునన్న అంచనాపై నిలిచిన మాట అది. 2018లో మొదలైన వ్యవస్థ రెండు శతాబ్దులకు పూచీ పడుటను నేను మర్యాదతోనే, కొంచెము సందేహముతోనే వినుచున్నాను. కొన్ని పుటలచ్చటను నిలిపితిని. మొత్తమునకు మరియొక ప్రతిని హార్డ్‌డిస్కులో ఎక్కించి, ఉగాదికి చిత్తూరు పోయినప్పుడు తెరచి చూచుచున్నాను.