పాటల బీరువా తాళంచెవి

రికార్డు కంపెనీల పని అయిపోయిందన్న మాట పాతికేళ్లుగా వింటున్నాం. 1999లో నాప్‌స్టర్ వచ్చి, జనం ఒకరి కంప్యూటర్లోంచి ఒకరు పాటలు ఉచితంగా తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు అన్నారు. 2003 ఏప్రిల్లో ఆపిల్ సంస్థ అమెరికాలో ఐట్యూన్స్ దుకాణం తెరిచి, పాట ఒక్కింటికి 99 సెంట్లు ధర కట్టినప్పుడు అన్నారు. 2007 అక్టోబరులో రేడియోహెడ్ అనే ఇంగ్లండు బృందం తమ కొత్త ఆల్బం ‘ఇన్ రెయిన్‌బోస్’ని తామే డౌన్‌లోడుకి పెట్టి, ఎంత తోస్తే అంత ఇమ్మన్నప్పుడు మరీ గట్టిగా అన్నారు. అదే ఆల్బం కొద్ది నెలల్లోనే ఒక కంపెనీ ద్వారా సి.డి.గా కూడా వచ్చి బాగా అమ్ముడుపోయిందనీ, ఆ బృందానికి అంత పేరు రావడం వెనుక అంతకు ముందు ఏళ్ల తరబడి ఇ.ఎం.ఐ. కంపెనీ పెట్టిన పెట్టుబడి ఉందనీ మాత్రం తక్కువమంది చెప్పారు.

మన దేశంలో డౌన్‌లోడు దుకాణం నిలదొక్కుకోనేలేదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ‘ఫ్లైట్’ పేరుతో ఒకటి తెరిచి, 2013 జూన్‌లో మూసేసింది. ఇక్కడ నిజంగా నడిచిన డౌన్‌లోడు దుకాణం సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. మెమరీ కార్డు ఇస్తే పదో ఇరవయ్యో తీసుకుని వందల పాటలు నింపి ఇచ్చేవాడు. అది చట్టవిరుద్ధమని వాడికీ తెలుసు, మనకీ తెలుసు. ఇప్పుడు ఆ కొట్టూ పోయింది. పాటని దాచుకోవడం మానేసి, ఎప్పటికప్పుడు నెట్‌లో వినడానికి అలవాటు పడ్డాం. ఇన్ని మారినా కంపెనీలు మాత్రం ఉన్నాయి. అవి ఎందుకు ఉన్నాయి, ఉన్నందుకు ఏం చెయ్యాలి అన్నదే ఇక్కడ నేను చర్చించదలచుకున్నది.

రికార్డు కంపెనీ ఒక్క పని చేసే సంస్థ కాదు. అది మూడు పనులు కలిపి చేసేది. మొదటిది, అప్పు ఇవ్వడం. గాయకుడికి అడ్వాన్సు, స్టూడియో అద్దె, వాద్యగాళ్ల ఖర్చు తాను పెట్టి, అమ్మకాల మీద వచ్చే రాయల్టీలోంచి జమ వేసుకోవడం. రెండవది, వ్యాపారం. ప్లేటు అచ్చు వేయించి, డీలర్లకి పంపి, ప్రచారం చెయ్యడం. మూడవది, భద్రపరచడం. మూల రికార్డింగుని, దాని మీది హక్కుని తన బీరువాలో పెట్టుకోవడం. మొదటి రెండు పనుల గురించి అందరూ మాట్లాడతారు. మూడో దాని గురించి ఎవరూ మాట్లాడరు.

డౌన్‌లోడు దెబ్బ తీసింది రెండో పనిని. నకలు తియ్యడానికి, పంపడానికి ఖర్చు లేనప్పుడు ఆ పనికి ప్రత్యేకంగా ఒక కంపెనీ అక్కర్లేదు. మొదటి పని తగ్గింది గానీ పోలేదు. సినిమా ఆడియో హక్కులకి పోటీపడి ముందుగా డబ్బు కట్టేవాళ్లు ఇవాళా ఉన్నారు. మూడో పని మాత్రం పెరిగింది. ఒకప్పుడు గిడ్డంగిలో దుమ్ము కొట్టుకునే పాత సరుకే ఇవాళ పెద్ద కంపెనీలకి నికరమైన ఆదాయం. కొత్త పాట తగిలితే తగిలింది, లేకపోతే లేదు. పాత పాట ఫిక్సెడ్ డిపాజిట్ లాంటిది.

ఇక్కడే నా వృత్తికి సంబంధించిన సందేహం ఒకటి వస్తుంది. బ్యాంకు ఇంటి మీద అప్పిస్తే దస్తావేజు తీసుకుని భద్రంగా పెడుతుంది. అప్పు వడ్డీతో సహా తీరిపోయిన రోజు దస్తావేజు తిరిగి ఇచ్చెయ్యాలి. రికార్డు కంపెనీ పద్ధతి అది కాదు. పెట్టిన ఖర్చు పూర్తిగా వసూలైన తరువాత కూడా దస్తావేజు కంపెనీదే. తాకట్టు అనుకుని పెట్టినది అమ్మకం అయి కూర్చుంటుంది. నష్టపోయే ప్రమాదం కూడా కంపెనీదే కదా, పది ప్లేట్లలో తొమ్మిది అమ్ముడుపోవు కదా అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ తొమ్మిదింటి దస్తావేజులు కూడా బీరువాలోనే ఉన్నాయి. అమ్మరు, వినిపించరు, తిరిగి ఇవ్వరు. నా ఫిర్యాదు లాభం వచ్చిన పదో పాట గురించి కాదు, ఆ తొమ్మిది పాటల గురించి.

కంపెనీలు చేసిన మేలు చెప్పకుండా ఈ ఫిర్యాదు చేస్తే అది అన్యాయం అవుతుంది. శంకరంబాడి సుందరాచారి గారి ‘మా తెలుగు తల్లికి’ గీతం సినిమా కోసం రాసినది. సినిమాలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి గారి గొంతుతో గ్రామఫోను రికార్డుగా వచ్చింది కాబట్టి బతికింది. తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమయింది. ఇవాళ హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు సంఘం సభ జరిగితే ఆ పాటతోనే మొదలవుతుంది. సినిమా వద్దనుకున్న పాటని ఒక రికార్డు నిలబెట్టింది. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ ఖండకావ్యం పుస్తకం కొనని ఇళ్లకి కూడా చేరిందంటే ఘంటసాల గారి ప్లేటు వల్లనే. సినిమా కాని తెలుగు పద్యానికీ, లలిత గీతానికీ ఆ రోజుల్లో రేడియో ఒక ప్రచురణకర్త అయితే రికార్డు కంపెనీ రెండో ప్రచురణకర్త. ఏది అచ్చు వెయ్యాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించారు, దానికి డబ్బు పెట్టారు. ఈ పని యంత్రం చెయ్యదు. ఇవాళ ఎవరి పాట వాళ్లే నెట్‌లో పెట్టుకోవచ్చు, నిజమే. పెట్టడం వేరు, చేరడం వేరు.

రాష్ట్రం బయట ఉన్న మనకి ఈ చరిత్రలో ఇంకొక వాటా ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసిన గ్రామఫోన్ కంపెనీ కొద్ది ఏళ్లలోనే దక్షిణాదికి వచ్చింది. కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి వంటి తమిళదేశపు గాయనులు ఆ తొలి ప్లేట్లకి పాడారు. పాడిన వాటిలో తెలుగు కీర్తనలు, జావళులు ఉన్నాయి. తాయి గారి ప్లేట్లు విని ముగ్ధుడైన మోరిస్ దెలాజ్ అనే ఫ్రెంచి స్వరకర్త 1912లో మద్రాసు వచ్చి ఆవిడని కలుసుకున్నాడు. 1930లలో వీణ ధనమ్మాళ్ వాయించి పాడిన క్షేత్రయ్య పదాలు కొలంబియా ప్లేట్ల మీదికి ఎక్కాయి. తెలుగు మాట తెలుగుదేశం బయట ఎలా పలికిందో, ఎంత గౌరవంగా పలికిందో చెప్పే సాక్ష్యాలివి. వీటిని కాపాడింది ఎక్కువ భాగం కంపెనీలు కావు. సొంత డబ్బుతో ప్లేట్లు పోగుచేసిన వ్యక్తులు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు వేల కొద్దీ ప్లేట్లు సేకరించి, వాటి గురించి రాసి, చెప్పి, వినిపించకపోతే తెలుగు రికార్డు చరిత్రలో సగం పేర్లు మనకి తెలిసేవి కావు. ఒక కంపెనీ చెయ్యవలసిన పని ఒక మనిషి చేశాడు.

ఆ తరువాత కాసెట్టు వచ్చింది. అది చవక కాబట్టి హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యం విరిగింది. మద్రాసులో, బెంగుళూరులో, విజయవాడలో చిన్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఊరి భజన బృందానికీ, హరికథకీ, బుర్రకథకీ చోటు దొరికింది. ఈ చిన్న కంపెనీల్లో చాలా భాగం డౌన్‌లోడు దెబ్బకి మూతపడ్డాయి. కంపెనీ మూతపడితే హక్కు ఎక్కడికి పోతుంది? పెద్ద కంపెనీ అయితే చేతులు మారుతుంది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ.ని 2011లో అప్పిచ్చిన సిటీ గ్రూపే స్వాధీనం చేసుకుంది. మరుసటి సంవత్సరం దాని పాటల విభాగం యూనివర్సల్‌కి వెళ్లింది. మన హెచ్.ఎం.వి. 1980లలో గోయెంకాల చేతికి వచ్చి, 2000లో సరిగమ అయింది. చిన్న కంపెనీ అయితే హక్కు ఎవరిదో చెప్పేవాడే ఉండడు. వారసులకి తెలియదు, గాయకుడికి కాగితం ఉండదు. నెట్‌లో పెడదామంటే ఎవరు నోటీసు ఇస్తారో అని భయం.

చట్టం ఏమంటుంది? మన కాపీరైటు చట్టంలో రికార్డింగుకి రక్షణ, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. అంటే 1960 నాటికి విడుదలైన ప్లేట్లన్నిటి మీదా ధ్వని హక్కు 2020తో ముగిసింది. కానీ సాహిత్యం హక్కు వేరు, అది కవి మరణించిన తరువాత 60 ఏళ్లు. పాపయ్యశాస్త్రి గారు 1992లో పోయారు కాబట్టి ‘పుష్పవిలాపం’ పద్యాల మీద హక్కు 2052 చివరి దాకా ఉంటుంది. ఒకే ప్లేటు మీద ఒక తాళం ఊడింది, ఒక తాళం ఉంది. త్యాగయ్య, క్షేత్రయ్యల విషయంలో ఈ చిక్కు లేదు. పాత ప్లేట్లలో ఉన్న వాళ్ల రచనలు ఇప్పుడు అందరివీ.

2012 సవరణ ఇంకొక మంచి మాట చెప్పింది. ఒప్పందం రాసుకున్న నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, హక్కుల బదిలీ వర్తించదు. సినిమా పాటల రచయితలూ, స్వరకర్తలూ సినిమా హాలు బయట జరిగే వినియోగం మీద రాయల్టీలో తమ సమాన వాటాని వదులుకోవడానికి కూడా వీల్లేదని ఆ సవరణే చెప్పింది. హక్కు రాయించుకున్నవాడు ఏడాది లోపల వాడుకోకపోతే ఆ బదిలీ రద్దయినట్టేనని మరో నిబంధన ఉంది, ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే. ‘మరోలా రాసుకోకపోతే’ అన్న ఆ చిన్న ముక్కలోనే కథంతా ఉంది. అచ్చు వేసిన ఫారాల్లో ఎప్పుడూ మరోలానే రాసి ఉంటుంది. ఫారాల సంగతి బ్యాంకువాడికి వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీలు భద్రపరచడం అనే పనిని ఎలా అర్థం చేసుకున్నాయో చూడాలంటే సరిగమ వారు 2017లో తెచ్చిన కారవాన్‌ని చూడాలి. పాతకాలపు రేడియో ఆకారంలో ఉన్న పెట్టె, అందులో 5000 హిందీ పాటలు, నెట్ అక్కర్లేదు. తరువాత ఇతర భాషల్లోనూ వచ్చింది. దాన్ని నేను యంత్రంగా కాక ఒక సంకలనంగా చూస్తాను. పెద్దవాళ్లకి ఏది కావాలో తెలుసుకుని చేసిన తెలివైన పని. డౌన్‌లోడు చేతకాని తరానికి పాటని చేతికందించింది. అయితే సంకలనకర్త అన్నవాడు మనకి తెలిసిన పది పద్యాల పక్కన తెలియని రెండు పద్యాలు పెడతాడు. అందుకే సంకలనం కొంటాం. ఈ పెట్టెలో ఎంపిక కొలబద్ద ఇదివరకు ఎంత ఆడిందన్నదే. ఆడిన పాట మళ్లీ ఆడుతుంది, ఆడని పాట ఇంకా లోపలికి పోతుంది.

నెట్‌లో వినిపించే సంస్థలది మరో లోపం. అక్కడ చాలా పాటలకి హీరో బొమ్మ ఉంటుంది, కవి పేరు వెతుక్కోవాలి. గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పేది. రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో అచ్చయ్యేవి, అక్కడి వాళ్లు పేరు తప్పు వెయ్యకూడదని ఆ ఏర్పాటు. నూట ఇరవై ఏళ్ల కిందట మైనంలో గీసిన ప్లేటుకి ఉన్న జాగ్రత్త ఇప్పటి ఫైలుకి లేదు.

కాబట్టి కంపెనీలు పోవాలని నేను అనను. హక్కుతో పాటు బాధ్యత ఉండాలంటాను. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లని బ్యాంకులు తమ లాభంలో కలిపేసుకోవడానికి వీల్లేదు. ఖాతాదారుల పేర్ల జాబితా వెబ్‌సైటులో పెట్టాలి. డబ్బు 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పరచిన నిధికి వెళుతుంది. ఎప్పుడు వచ్చి అడిగినా ఖాతాదారుకో వారసులకో ఇవ్వాలి. 2023లో రిజర్వు బ్యాంకు చాలా బ్యాంకుల ఖాతాలు ఒక్కచోట వెతుక్కునే ఏర్పాటు కూడా చేసింది. డబ్బుకి ఉన్న ఈ మర్యాద పాటకి ఎందుకు ఉండకూడదు? తమ బీరువాలో ఏ పాటలు ఉన్నాయో, ఎవరు రాశారో, ఎవరు పాడారో కంపెనీలు జాబితా పెట్టాలి. పదేళ్లు వినిపించని పాటని గాయకుడో, కవి వారసులో అడిగితే తిరిగి ఇవ్వాలి, లేదా నామమాత్రపు రుసుముకి అనుమతి ఇవ్వాలి. తిరిగి ప్రచురించడానికి నిరాకరించిన రచనలకి నిర్బంధ లైసెన్సు ఇప్పించే నిబంధన చట్టంలో ఇప్పటికే ఉంది. కానీ బీరువాలో ఏముందో తెలియనివాడు దేనికోసం దరఖాస్తు పెడతాడు?

జాబితా ఒక వైపు నుంచే రానక్కర్లేదు. షోలాపూర్‌లోనో, యానాంలోనో, సేలంలోనో మన ఇళ్ల అటకల మీద ఇంకా ప్లేట్లు, కాసెట్లు ఉన్నాయి. వాటి మీద కంపెనీ పేరు, నంబరు, పాడినవారి పేరు ఉంటాయి. పాత సామాన్లకి వేసే ముందు ఆ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఫలానా పాట మీ దగ్గర ఉందని నంబరుతో సహా అడిగితే, లేదని చెప్పడం కంపెనీకి అంత సులువు కాదు.