మహ్రమ్ – వరుస: దక్షిణ తెలంగాణ ముస్లిం కథా పఠనంలో ఒక సమస్య

వ్యాస సంగ్రహం:
వివాహయోగ్యులైన స్త్రీపురుషులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో ఇస్లాం కొన్ని నియమాలు చెప్పింది. తెలుగు ముస్లిం సాహిత్య విమర్శలో ఈ నియమాలన్నీ తరచు ‘పరదా’ అన్న ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. దీనివల్ల ధర్మశాస్త్ర నియమం, కుటుంబ మర్యాద, పల్లె వరుస అనే మూడు భిన్న విషయాలు ఒకటిగా కనిపిస్తున్నాయి. ఈ మూడింటినీ విడదీసి చూడవలసిన అవసరాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సామాజిక జీవితం ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: మహ్రమ్, నామహ్రమ్, వరుస, పరదా, ముస్లింవాదం, దక్షిణ తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:
స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ (1998) కవితా సంకలనం, ‘వతన్’ (2004) కథా సంకలనం వెలువడడంతో తెలుగులో ముస్లింవాద సాహిత్యం స్థిరపడింది. షాజహానా ‘నఖాబ్’ కవితా సంపుటి స్త్రీ ముఖాన్ని కప్పే వస్త్రాన్నే శీర్షికగా నిలిపింది. నల్లగొండ జిల్లాకు చెందిన స్కైబాబ కథల సంపుటి ‘అధూరే’ (2011) పేద ముస్లిం కుటుంబాలను, వాటిలో స్త్రీల స్థితిని వస్తువుగా తీసుకున్నది. ‘అధూరే’ అంటే అసంపూర్ణమైనవి అని అర్థం. ఈ సాహిత్యాన్ని చదివేటప్పుడు విమర్శ ‘పరదా’ను ఒక సిద్ధ సంకేతంగా తీసుకుంటుంది. పరదా ఉంటే అణచివేత, లేకుంటే విముక్తి అన్న సూత్రం దానికి సరిపోతుంది. కథలోని జీవితానికి ఆ సూత్రం సరిపోతుందా అన్నది ప్రశ్న.

2. ‘పరపురుషుడు’ అన్న అనువాదం:
‘నామహ్రమ్’ అనే మాటను తెలుగులో సాధారణంగా ‘పరపురుషుడు’ అంటారు. ఈ అనువాదంలోనే పొరపాటు మొదలవుతుంది. తెలుగు వాడుకలో పరపురుషుడంటే భర్త కాని మగవాడు, లేదా బయటివాడు. ఇస్లామీయ పరిభాషలో మహ్రమ్ అంటే ఎన్నటికీ వివాహం కూడని దగ్గరి బంధువు. ఖుర్ఆన్ నాలుగవ అధ్యాయం 23వ వాక్యం పురుషుడు వివాహమాడరాని స్త్రీల జాబితాను ఇస్తుంది. ఆ జాబితాలో తల్లి, కూతురు, తోబుట్టువు, మేనత్త, పినతల్లి, అన్న కూతురు, అక్క కూతురు ఉన్నారు. పాలిచ్చిన తల్లి, అత్తగారు, కోడలు కూడా అందులో చేరతారు. ఈ పరిధి వెలుపల ఉన్నవారు సొంత ఇంటివారైనా నామహ్రములే. భర్త తమ్ముడు ఒకే కప్పు కింద ఉన్నా నామహ్రమే. భర్త తరఫు మగబంధువుతో ఏకాంతం మృత్యువుతో సమానమని హెచ్చరించే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. కాబట్టి ఈ నియమం గీసిన గీత ఇంటికీ వీధికీ మధ్య లేదు. వివాహయోగ్యతకూ అయోగ్యతకూ మధ్య ఉంది.

3. వరుస – ఎదురు తర్కం:
తెలుగు పల్లెలో వరుస కూడా వివాహయోగ్యత మీదనే నిలుస్తుంది. అయితే రెండు వ్యవస్థలూ ఒకే విషయం నుంచి వ్యతిరేక ఫలితాలను తీస్తాయి. బావామరదళ్లు పెళ్లి చేసుకోదగినవారు గనుక వారి మధ్య వేళాకోళం చెల్లుతుందని తెలుగు వరుస అంటుంది. పెళ్లి చేసుకోదగినవారు గనుకనే దూరం పాటించాలని ఇస్లామీయ మర్యాద అంటుంది. బంధుత్వాల అమరిక కూడా తారుమారవుతుంది. అనేక తెలుగు కులాలలో మేనమామ అక్క కూతురికి వరుడు కాగలడు. ముస్లిం ఇంట ‘మామూ’ మహ్రమ్, అతని ఎదుట పరదా అవసరం లేదు. చిన్నాన్న కొడుకు తెలుగు వరుసలో అన్నో తమ్ముడో అవుతాడు. ముస్లిం ఇంట ‘చచ్చా’ కొడుకుతో వివాహం చెల్లుతుంది, అతడు నామహ్రమ్.

నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఈ రెండు వ్యవస్థలూ ఒకే వాకిట్లో కలుస్తాయి. పొరుగున ఉన్న హిందువును ముస్లిం ఆడపిల్ల ‘అన్నా’ అనో ‘మామా’ అనో పిలుస్తుంది. నోటి పిలుపుతో రక్తబంధం ఏర్పడదని ఖుర్ఆన్ 33వ అధ్యాయం 4, 5 వాక్యాలు దత్తపుత్రుల సందర్భంలో స్పష్టం చేస్తాయి. కనుక శాస్త్రరీత్యా ఆ ‘అన్న’ నామహ్రమే. కానీ పల్లెలో ఆ పిలుపే చూపును, మాటను హద్దులో ఉంచే కట్టుబాటు. కథలో ఇటువంటి పిలుపు ఎదురైనప్పుడు దానిని కేవలం మతసామరస్య చిహ్నంగా చదివితే చాలదు. శాస్త్రం వస్త్రంతోనూ దూరంతోనూ సాధించదలచిన మర్యాదను పల్లె ఒక మాటతో సాధిస్తున్నదని గుర్తించాలి.

4. పని, పండుగ, ఏకాంతం:
నియమంలో కీలకమైన నిషేధం ‘ఖల్వత్’ మీద ఉంది. అంటే నామహ్రములైన స్త్రీపురుషులిద్దరు మూడవ మనిషి లేని చోట ఒంటరిగా ఉండడం. పదిమంది కలిసి కలుపు తీసే చేను ఖల్వత్ కాదు. పాలమూరు వలస కూలీల గుంపు పనిచేసే చోటూ కాదు. కూలికి పోయే స్త్రీకి జనానా వేరుగా ఉండే ఇల్లు లేదు. ఆ ఏర్పాటు ఆస్తి ఉన్న ఇళ్లది. గడప దాటకపోవడాన్ని ధర్మంగా చెప్పినప్పుడు వర్గ మర్యాద శాస్త్రం పేరు పెట్టుకుంటున్నది. ముఖం కప్పడం తప్పనిసరా కాదా అన్నదానిపై న్యాయవేత్తలలో కూడా ఏకాభిప్రాయం లేదు.

పీర్ల పండుగలో అలావా చుట్టూ, జాన్‌పహాడ్ దర్గా ఉర్సులో, జహంగీర్ పీర్ దర్గా వద్ద స్త్రీపురుషులు మతభేదం లేకుండా గుమిగూడుతారు. సంస్కరణవాదులు దీనిని ఆక్షేపిస్తారు. విమర్శకులు ఉదారతగా కీర్తిస్తారు. అక్కడికి వచ్చే స్త్రీ తన మర్యాదను ఎలా నిలుపుకుంటుందో ఇద్దరూ అడగరు.

5. నియమాల ఎంపిక:
ఖుర్ఆన్ 24వ అధ్యాయం 30వ వాక్యం చూపు దించుకోమని ముందుగా పురుషులకే చెప్పింది. స్త్రీల ప్రస్తావన 31వ వాక్యంలో వస్తుంది. ఆచరణలో మొదటి వాక్యం మరుగున పడి, రెండవది మాత్రమే అమలవుతుంది. వివాహంలోనూ ఇదే జరుగుతుంది. వరుడు వధువుకు ఇవ్వవలసిన మెహర్ కాగితంపై వాయిదాగా మిగులుతుంది. శాస్త్రం అడగని ‘జోడే కీ రఖమ్’ ముందే వసూలవుతుంది. స్త్రీపై బరువు మోపే నియమం గట్టిపడి, పురుషుడిని బాధ్యుడిని చేసే నియమం సడలుతున్నది. ముస్లిం స్త్రీ జీవితాన్ని చిత్రించిన కథలో విమర్శ వెతకవలసింది ఈ అసమతుల్యతను.

ఈ విభజన కొత్తది కాదు. బెంగాలీ రచయిత్రి రుకయా సఖావత్ హుసేన్ 1904లో వెలువడిన ‘మోతిచూర్’లోని ‘బోర్కా’ వ్యాసంలో మితమైన పరదాను సమర్థించింది. 1931 నాటి ‘అవరోధ్‌బాసిని’లో స్త్రీలను గృహబందీలు చేసే అవరోధాన్ని తీవ్రంగా ఎండగట్టింది. ఆమెకు ఈ రెండూ ఒకటి కాలేదు.

6. ముగింపు:
పై చర్చ వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ‘నామహ్రమ్’ను ‘పరపురుషుడు’గా అనువదించడం కథలోని బంధుత్వాలను తప్పుగా చదివిస్తుంది. దక్షిణ తెలంగాణ ముస్లిం స్త్రీ ఒకేసారి శాస్త్రానికీ, ఖాందాన్ ఇజ్జత్‌కూ, పల్లె వరుసకూ జవాబు చెప్పుకోవలసి వస్తున్నది. పరదాను మొత్తంగా ఖండించే విమర్శ, మొత్తంగా సమర్థించే మతబోధ రెండూ ఆ మూడింటినీ ఒకటిగా చూసి ఆమె బరువును కనిపించకుండా చేస్తున్నాయి. కథలో ఒక స్త్రీ కొంగు సర్దుకున్నప్పుడు ఆమె ఎవరి ఎదుట, ఏ వరుసతో, ఎవరి ఆజ్ఞపై సర్దుకున్నదో పరిశోధకుడు అడగాలి. ఆ ప్రశ్న తరువాతనే అణచివేత గురించి తీర్పు చెప్పే అర్హత విమర్శకు వస్తుంది.