ప్రకటనలలో పచ్చదనము

మా బళేపేటనుండి కొంచెము దూరము నడచినచో మెజెస్టిక్ బస్సుస్టాండు. అచ్చట ఒకప్పుడు ధర్మాంబుధి యను చెఱువుండెడిది. ఈ పేటలవారు ఆ నీటినే త్రాగిరి. నేడు నీరు లేదు గాని, ఉదయమున పత్రిక విప్పినచో చెఱువుగట్టు గృహములను విక్రయింతుమను ప్రకటనకు కొదువ లేదు.

ఈ ప్రకటనలను నేను కావ్యమువలె శ్రద్ధగా చదువుదును. ఒక లేతయాకు, ఒక పసిబిడ్డ, ఒక పక్షి. చెఱువును కాపాడుటకై న్యాయస్థానపు మెట్లెక్కిన మనుష్యుడు మాత్రము అందెచ్చటను కానరాడు. ఉద్యమపు రంగును గైకొని ఉద్యమమును విడిచిపెట్టుటయే ఇందలి శిల్పము. 2015లోను, 2017లోను నురగలు గ్రక్కి నిప్పంటుకొనిన బెళ్ళందూరు చెఱువును ఏ చిత్రకారుడును ముట్టడు. పర్యావరణము పేర మోసపు ప్రకటనలు కూడవని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024లో నియమములు చేసినది. అందొక మినహాయింపు కలదు: మోసము లేనిచో సాధారణమైన రంగులకు, బొమ్మలకు దోషము లేదట! కాగితములలో మినహాయింపులు వెదకుటయే నా వృత్తి గనుక అది నా కంటబడినది.

రాజకీయముల చిత్రకళ వేఱు. బసవేశ్వర సర్కిలునుండి హెబ్బాళమువఱకు ఉక్కు వంతెన కట్టుటకు 800కు పైగా చెట్లు కొట్టవలసియుండగా, 2016 అక్టోబరు 16న జనులు దారిపొడవున చేయి చేయి కలిపి ‘బేడ’ యనిరి. (మన తెలుగున బేడ యనగా రెండణాలు, కన్నడమున వద్దనుట. ఆ రెండణాల మాట 2017 మార్చిలో వంతెననే ఆపినది.) అట్టివారు అధికారపక్షమునకు అభివృద్ధి నిరోధకులు, ప్రతిపక్షమునకు ప్రజలు. కుర్చీలు మాఱినచో బిరుదులును మాఱును.

హైదరాబాదున కంచ గచ్చిబౌలి 400 ఎకరముల వివాదమున, 2025లో, కృత్రిమ మేధ గీసిన జింకల బొమ్మలు వ్యాపింపగా ప్రభుత్వము ఆగ్రహించినది. దొంగబొమ్మలను నేను సమర్థింపను. అవి విద్యార్థుల పక్షమునకే చెఱుపు చేసినవి. కాని బొమ్మ అబద్ధమైనంతమాత్రమున కూలిన చెట్టు లేచి నిలుచునా? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నఱకుడును ఆపినది గదా!

వీటన్నిటికన్న నన్ను కలచినది సాలుమరద తిమ్మక్క కథ. మాగడి తాలూకాలో హులికల్, కుదూరు గ్రామముల నడుమ భర్తతో గూడి 385 మఱ్ఱిచెట్లను పెంచిన పల్లెటూరి కూలి ఆమె. 2019 మార్చిలో పద్మశ్రీ స్వీకరించుచు రాష్ట్రపతి శిరమును తాకి దీవించిన ఆమె చిత్రమును దేశమంతయు మెచ్చుకొనినది. ఆమె పేర వనములు వెలసినవి. కాని కొలది మాసములలోనే, దారి వెడల్పు చేయుటకై ఆ మఱ్ఱులను కొట్టరాదని ఆ వృద్ధురాలే ముఖ్యమంత్రికి మొఱపెట్టుకొనవలసివచ్చెను. ప్రత్యామ్నాయము చూతుమని హామీ లభించినది. దీవించిన చేతి చిత్రము గోడలకెక్కెను. అర్జీపట్టిన చేతికి పటము కట్టినవారు లేరు.

2025 నవంబరులో ఆమె గతించినప్పుడు నేను చూచిన పత్రికలన్నియు దీవెన చిత్రమునే వేసినవి. ఆ కత్తిరింపును, 2019నాటి అర్జీ వార్తను ఒకే ఫైలులో కుట్టి యుంచితిని.