కిటికీ కొలత వెతికే పనితనం

పడమటి గోడకు కిటికీ ఎంత వెడల్పు ఉండాలి? పెద్దదైతే పగలు లైట్ల ఖర్చు తగ్గుతుంది, సాయంత్రపు ఎండకు ఏసీ ఖర్చు పెరుగుతుంది. సన్‌షేడ్ పెంచితే ఎండా తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. భవనం ముఖం కాస్త తిప్పితే లెక్కలన్నీ తారుమారు. ఇలాంటి కొలతలు పది కలిశాయంటే ఎంత అనుభవమైనా చాలదు. ఆ చిక్కుముడి విప్పడానికి అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో మైకేల్ వెట్టర్ రాసిన ప్రోగ్రాం జెన్‌ఆప్ట్.

దీనిలో నాకు ముందుగా నచ్చేది నిగ్రహం. ఇల్లంటే ఏమిటో జెన్‌ఆప్ట్‌కు తెలియదు. వేడి, గాలి, వెలుగు సంగతి ఎనర్జీప్లస్ లాంటి సిమ్యులేషన్ ప్రోగ్రాం చూసుకుంటుంది. ఆ ప్రోగ్రాం చదివే టెక్స్ట్ ఫైల్లో ఇది కొత్త కొలత రాస్తుంది, దాన్ని నడిపిస్తుంది, వచ్చిన ఖర్చు చదువుకుని తర్వాతి కొలత ఎంచుకుంటుంది. అంతే.

అసలు పనితనమంతా ఆ ఎంపికలోనే. ఎనర్జీప్లస్ చాలా సమీకరణాలను మళ్ళీ మళ్ళీ లెక్కగట్టి, తేడా ఒక హద్దులోకి రాగానే ఆపేస్తుంది. కిటికీ వెంట్రుకవాసి పెరిగినా ఆ ఆగే చోటు మారి, జవాబు ఉన్నట్టుండి చిన్న గెంతు వేయొచ్చు. ఖర్చు తగ్గే వాలు నున్నగా ఉందని నమ్మి దిగే పద్ధతులు అక్కడే దారి తప్పుతాయి. వెట్టర్, జొనాథన్ రైట్ 2004లో ప్రచురించిన పరిశోధనలో హ్యూస్టన్, షికాగో, సియాటిల్ వాతావరణాలకు ఆఫీసు భవనాలను తీసుకుని రకరకాల పద్ధతులను పోల్చారు. ఒకేసారి చాలాచోట్ల వెతికే పార్టికిల్ స్వార్మ్‌తో మొదలుపెట్టి, హుక్-జీవ్స్ పద్ధతితో ముగించిన జోడీ ఖర్చును అన్నిటికంటే ఎక్కువ తగ్గించింది. హుక్-జీవ్స్ 1961 నాటిది. ఒక్కో కొలతనూ అటో అడుగు, ఇటో అడుగు కదిపి చూస్తుంది. ఎటూ లాభం లేకపోతే అడుగు చిన్నది చేసుకుంటుంది. ఇంత సాదా పద్ధతి చివరి మెరుగు దిద్దడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

పరిశోధకుడు ఎలిజా పోలాక్‌తో కలిసి వెట్టర్ ఇంకో అడుగు వేశారు. బాడిసతో చెక్కాకే చిత్రిక పట్టే వడ్రంగిలా, మొదట సిమ్యులేషన్‌ను ముతకగా, త్వరగా నడిపిస్తారు. మంచి కొలత దగ్గరపడేకొద్దీ లెక్కను బిగిస్తారు. సమయం కలిసొస్తుంది, గెంతులూ అణుగుతాయి. పైగా, ఈ వెతుకులాట సరైన చోటికే చేరుతుందని ఏయే షరతుల మీద చెప్పవచ్చో గణితంలో నిరూపించారు. లెక్కలోని లోపాన్ని దాచకుండా దానికే పద్ధతి కట్టిన ఈ నిజాయితీయే నా దృష్టిలో గొప్ప పనితనం.

జెన్‌ఆప్ట్, ఎనర్జీప్లస్ రెండూ ఉచితం. హైదరాబాద్, విశాఖపట్నం వాతావరణ ఫైళ్ళూ దొరుకుతాయి. ఆర్కిటెక్చర్ చదివే మన పిల్లలు ఒక్కసారైనా తమ ఊరి ఎండకు తమ డ్రాయింగులోని పడమటి కిటికీని ఇందులో పెట్టి చూడాలి.