కొమ్ముల ఆట, గవ్వల జాడ

బస్తరు మారియాల కొమ్ముల ఆటను గూర్చి వ్రాసేటప్పుడు మన కలం తరచు ఒకే మాటతో మొదలవుతుంది: అది అనాదియైన అడవి కళ, బయటి గాలి సోకనిది అని. నేనూ ఒకప్పుడు అట్లే వ్రాసినాను. ఆ మాట వినసొంపుగా ఉన్నది గాని నిజము కాదు.

ఇంగ్లండులో ‘ప్రిన్సెస్ రాయల్’ అనే పాత నాట్యపు వరుస ఒకటి కలదు. ఐర్లండు వైణికుడు కరోలన్ కట్టినదని చెప్పుకుంటారు. 1778 జూన్ 17న ‘అరెథూసా’ అనే ఆంగ్ల యుద్ధనౌకకూ ‘బెల్ పూల్’ అనే ఫ్రెంచి నౌకకూ పోరు జరిగినది. అరెథూసా పెద్ద స్తంభము కూలి వెనుదిరిగినది. ఫ్రెంచి నౌక తన తీరపు రాళ్ల చాటుకు చేరినది. గెలుపు మాదేనని ఇరుపక్షాలూ చాటుకున్నవి. 1796లో ప్రిన్స్ హోర్ అనే కవి వ్రాసిన పాటను విలియం షీల్డు ఆ పాత వరుసలో పొదిగి, విజయమంతా ఆంగ్లేయులదే అని రంగస్థలము మీద పాడించినాడు. ఆ అరెథూసా 1759లో ఫ్రెంచివారి వద్ద పట్టుకున్న నౌకయే! పాటకు ఆ సంగతి పట్టలేదు. వరుస మాత్రం ఏమీ ఎరుగనట్లు నేటికీ కాళ్లను కదిలిస్తున్నది.

ఇక మన అడవికి వద్దాము. పెండ్లి ఆటలో మారియా పురుషుడు అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, మెడలో పెద్ద డోలు వేసుకొని దిగుతాడు. స్త్రీలు మువ్వల కర్రలతో నేలను తాటిస్తారు. గ్రిగ్సన్ 1938లో మారియాలను గూర్చి, ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్‌ను గూర్చి గొప్ప గ్రంథాలు ప్రకటించినారు. (ఈ రెండు తెగలనూ ఒకటిగా కలిపివేయడము మన వ్యాసాలలో మరొక అలవాటు.) వాటినుండి మనము తెచ్చుకున్నది కొమ్ముల బొమ్మ మాత్రమే. కొమ్ములనుండి ముఖము మీదికి తెరవలె వ్రేలాడే గవ్వల పేటలను చూసీ చూడనట్లు దాటిపోయినాము.

గవ్వ ఏ అడవిలోనూ పుట్టదు. ద్రవ్యముగా చెల్లిన గవ్వలలో అధికభాగము మాల్దీవులనుండి ఓడలెక్కినదే. వాటిని వంగదేశానికి పంపి బియ్యము తెచ్చుకునేవారని 14వ శతాబ్దిలో ఇబ్న్ బతూతా చెప్పినాడు. తరువాత ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు అవే గవ్వలను ఐరోపాకు మోసుకుపోయినవి. అక్కడనుండి అవి పశ్చిమాఫ్రికాకు చేరి మనుషులను కొనే మూల్యమైనవి. ఒరిస్సాలో పన్నును గవ్వలలో గాక వెండి రూపాయలలో చెల్లించమనడము 1817 పైకుల తిరుగుబాటుకు ఒక కారణము. మారియా ముఖము మీద కదలాడే పేట వెనుక ఇంత సముద్రమున్నది.

మన భాషలో చిల్లిగవ్వ అంటే దేనికీ కొరగానిది. మారియాకు చిల్లి పడితేనే గవ్వ పనికివస్తుంది. లేకున్న దారమెట్లా ఎక్కుతుంది? ఈ ఒక్క భేదము మీద ఒక అధ్యాయము వ్రాయవచ్చును.

గవ్వల చరిత్ర తెలియనంత మాత్రాన ఆటగాని అడుగు తడబడదు, నిజమే. విమర్శకునికి ఆ వెసులుబాటు లేదు. ‘అనాది’ అన్నప్పుడు మనము ఆ జనుల బేరసారాలను, వారు కోరి తెచ్చుకున్న సొగసును తుడిచివేసి, వారిని చెట్టుచేమల సరసన నిలబెడుతున్నాము. బైలదిల్లాలో 1968లో గని తెరచిన తరువాత ఆ కొండల ఇనుము రైలెక్కి విశాఖ రేవు మీదుగా జపానుకు వెళ్లినది. గవ్వలు వచ్చినదీ ఆ సముద్రము మీదనే.